చింతపండుతో ఆర్పిన దీపం

నూటయాభై ఏళ్ళుగా వెలుగుతున్న ఒక దీపాన్ని నేను ఒక్క పూటలో ఆర్పేశాను. గాలితో కాదు, వానతో కాదు, చింతపండుతో. నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజుల్లో మా తోటలో నవ్వే ఓపిక ఎవరికీ లేదు కనుక ఆ పని మీరే చెయ్యాలి.

మలయా దేశంలో తెలుక్ ఆన్సన్ ఊరి దగ్గర రబ్బరు తోటలో, దొరగారి బంగళా ఊడ్చి తుడిచే కొలువు నాది. ఆ ఏడు జ్వరాలు పడ్డాయి. లైన్లనే మా కూలీల వరస గుడిసెల్లో వంట పొగ కన్నా చితి పొగే ఎక్కువ. పక్కింటి సూరమ్మ పడింది, వెనకే నా పెళ్ళాం రాములమ్మ పడింది. మావాళ్ళలో ఒక నమ్మకం ఉంది. మొక్కుకుని దీపం పెడితే జ్వరం దిగేదాకా అది ఆరకూడదు. ఆరిందా, మనిషి మీద ఆశ వదులుకోవాలి. సూరమ్మ మొగుడు తన దీపాన్ని పసిపిల్లలా కాచుకున్నాడు. నా దీపం మాత్రం ఆకుల కప్పులోంచి జల్లు కొట్టి, మొక్కు చెప్పేలోపే ఆరిపోయేది.

బంగళా హాల్లో దొరసాని ముత్తాతల నాటి, ఒలందా దేశపు రంగుల పటం ఒకటుంది. చీకటి గుడి, మోకరిల్లిన మనుషులు, మధ్యన ఒకే ఒక కొవ్వొత్తి. ఎంత గాలివానకీ దాని వెలుగు చలించదు. నా బుర్రా వెలిగింది. ఆరని దీపం ఎదురుగా ఉండగా ఆరే దీపంతో నాకేం పని? "సామీ, ఇదే నా రాములమ్మ దీపం" అని మొక్కేసి, రోజూ కొబ్బరినూనె రాశాను. మీరు నమ్మరు గానీ, నూనె తగలగానే అది నిజంగానే తళతళలాడింది!

మా వైపువాడే అయిన వంటవాడు ఇస్రాయేలు చూడనే చూశాడు.

"ఏటి సేస్తన్నావురా?"

"దీపానికి నూనె ఏస్తన్నాను బావా."

"ఓరి ఎర్రోడా, అది బొమ్మరా! మా ఏసుబాబు గుడి. దొరసాని సూసిందంటే సంపేస్తాది."

"సావడానికి రాములమ్మ ముందుంది. నన్నొగ్గెయ్ బావా."

వాడు తల కొట్టుకుంటూ వంటింట్లోకి పోయాడు.

నూనెకి దుమ్ము పట్టింది, చీమలు పట్టాయి, వెలుగు మసకబారింది. సరిగ్గా అప్పుడే రాములమ్మ నన్ను గుర్తుపట్టడం మానేసింది. మసిపట్టిన ఇత్తడి దీపాన్ని ఏం చేస్తాం? చింతపండూ బూడిదా వేసి తోముతాం. నేనూ తోమాను. తీరా చూస్తే వెలుగంతా గుడ్డకి అంటుకుంది. గుడి నిండా చీకటి.

దొరసాని వచ్చి పెట్టిన కేక ఏ భాషో తెలియదు గానీ, అర్థం తెలిసింది. మన దీపమని ముద్దు పెట్టుకుంటే మూతి కాలుతుందంటారు. నాది పరుల దీపం, అందుకే కొలువు కాలింది. కానీ అప్పుడు కొలువు ఎవడికి కావాలి? చేతులారా రాములమ్మని ఆర్పేశానని ఏడుస్తూ లైన్లకి పరిగెత్తాను.

"ఏటి మావా ఆ పరుగు? పులి తరిమిందేటి?"

రాములమ్మ! గోడకి ఆనుకుని గంజి తాగుతోంది.

"నువ్వు సచ్చిపోనేదా?"

"సచ్చిపోమంటావేటి?"

జరిగిందంతా చెప్పాను. అది గంజి ముంత కింద పెట్టి, "నువ్వు నూనె రాసినన్నాళ్ళూ నా జొరం పెరిగింది. తుడిసేసినావు, దిగింది. ఆ దీపవే నాకు పట్టిన సెని మావా!" అంది.

ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ నవ్వులోనే గోడ అవతల ఏడుపు వినబడింది. వెళ్ళి చూశాను. సూరమ్మ దీపం ఆరలేదు. సూరమ్మే పోయింది. మొగుడు ఆ ప్రమిదనే ఆమె తలాపున పెట్టి, అలవాటు కొద్దీ అందులో నూనె పోస్తున్నాడు.

ఆ ప్రమిద సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి ప్రాణాన్నీ దీపానికి కట్టను, చింతపండుతో ఏ దీపం దరికీ పోను. ప్రసాదం పులిహోర అయితే, గుడి బయటే నిలబడి తింటాను.