నలభై డిగ్రీల దగ్గర దారం

ఆ రేకు పెట్టె మూత తీయగానే తుప్పు వాసన, అరిగిన రబ్బరు వాసన, పెన్సిలు చెక్కిన పొట్టు వాసన, వీటన్నిటి అడుగున ఎక్కడో గొర్రెబొచ్చు వాసన వచ్చాయి. అది నా జామెట్రీ పెట్టె. ఎప్పుడో పారేసుకున్నాననుకున్నాను. మొన్న మా హోటలు ముందర ఒక ఇల్లు వచ్చి ఆగకపోయి ఉంటే, అది ఇంకా ఉందని కూడా నాకు తెలిసేది కాదు.

ఇల్లంటే నిజంగా ఇల్లే, కాకపోతే చక్రాలున్నాయి. సోమందేపల్లె దగ్గర హైవే పక్కన ఉగ్గాని, దోసె అమ్ముకునే హోటలు మాది. బెంగుళూరు నుంచి వచ్చిన ఒక జంట తమ బండిని మా రేకుల షెడ్డు పక్కన నిలబెట్టి, అందులో మంచం, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి అన్నీ నాకు మురిపెంగా చూపించారు. ఆ తరువాత బయట మూడు కాళ్ళ మీద ఒక డిష్ నిలబెట్టి, ఆయన చేతిలో ఫోను, మెడలో సిగ్నలు తగిలితే కుయ్‌కుయ్‌మనే మీటరు పెట్టుకుని దాని చుట్టూ గంటసేపు ప్రదక్షిణం చేశాడు. ఆమె లోపల టీవీ ముందు కూర్చుని "రాలేదు, రాలేదు" అని కేకలు పెడుతూ ఉంది. నేను దోసె తిప్పుతూ చూస్తున్నాను, ఆయన డిష్ తిప్పుతూ చెమటలు కారుస్తున్నాడు; దోసెలు నాలుగయ్యాయి గాని బొమ్మ రాలేదు. నాకు నవ్వాగలేదు. ఎందుకంటే నేను పెరిగింది అలాంటి ఇంట్లోనే, కాకపోతే దానికి గోడలు లేవు.

మూలన ఉల్లిగడ్డలు కోస్తున్న మా అమ్మ నా నవ్వు చూసి లేచి ఇంట్లోకి పోయి, తన ట్రంకు పెట్టెలోంచి నీలం గుడ్డ చుట్టిన మూట ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. వెలిసిపోయిన ఆ నీలం గుడ్డ మీద, ఒకచోట మాత్రం బెత్తెడు వెడల్పున ముదురు నీలం పట్టీ ఉంది. అప్పుడు దాని మీద నా కన్ను నిలవలేదు. మూట విప్పితే ఈ పెట్టె.

మాది మడకశిర పక్కన పల్లె, నాయనకు గొర్రెలుండేవి. చెనిక్కాయ చేలు ఖాళీ అయ్యి, ఎండలు ముదిరి, మా పక్క గడ్డి అనేది చెప్పుకోవడానికి కూడా లేకుండా పోయాక, నాయన మంద తోలుకుని ఉత్తరానికి నడిచేవాడు. పరీక్షలు అయిపోగానే అమ్మా, అవ్వా, నేనూ సామాన్లతో వెనకాలే పోయేవాళ్ళం. ఎవరి బీడులో మంద ఆపితే వాళ్ళ నేలకు ఎరువు, మాకు రాగులు. పొద్దున లేచేసరికి కంబళి మీద రాత్రి గాలి తెచ్చిన దుమ్ము, పొయ్యిలో గొర్రె పాల టీ పొంగే వాసన, గంపకింద పెట్టిన గొర్రెపిల్లలు తల్లుల కోసం పెట్టే గోల. మధ్యాహ్నం రాళ్ళ సందున ఇంత నీడ వెతుక్కుని సంగటి ముద్దలో ఊరిబిండి నంజుకోవడం. పండగొస్తే మూడు రాళ్ళ పొయ్యి మీద అవ్వ కాల్చే ఓళిగలు, అందులో బెల్లమెంతో ఇసుకంత. ఆటకు అచ్చెనగండ్లు దొరక్కపోతే ఎండిన గొర్రె పెంటికలతో ఆడేదాన్ని. నాయన చూసి, "లోకంలో ఏ రాజు కూతురికీ ఇన్ని ముత్యాలుండవు పాపా" అనేవాడు. ఆ నోరే నాకూ వచ్చింది.

జూన్‌లో బడి తెరిచే ముందు ప్రతి ఏడూ అమ్మా నేనూ బస్సెక్కి ఊరికి వచ్చేసేవాళ్ళం. వానలు పడ్డాక నాయన మందతో వెనకాల వచ్చేవాడు. నేను ఏడు పాసై ఎనిమిదిలోకి పోవలసిన ఏడాది మాత్రం వాన జాడే లేదు. అప్పుడు మా మంద తాడిపత్రి దగ్గర ఒక బీడులో ఉంది. చుట్టూ బండలు కోసే షెడ్లు, చెట్ల మీద పిండి చల్లినట్టు రాతి పొడి, దూరంగా సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం. గొర్రెలు వరసబెట్టి ఈనుతున్నాయి, అవ్వకు కళ్ళు సరిగా కనపడవు. అమ్మా నేనూ పోతే నాయన ఒక్కడే ఏమీ చేసుకోలేడు.

"ఈ ఏడు ఈడే ఉండండి. పాప బడి యాడికీ పోదు" అన్నాడు నాయన.

"నేనుండలేనప్పా. నా సీరియల్ లేకుండా ఈ రాళ్ళ మధ్య నాకు పిచ్చెక్కుతాంది" అంది అమ్మ.

ఊర్లో అమ్మ పక్కింటి గడపలో కూర్చుని సీరియల్ చూసేది. నాయన ఆ మాట పట్టుకున్నాడు. మరుసటి వారం తాడిపత్రికి పోయి, పాత డిష్షులు అమ్మే మస్తాన్ మామ దగ్గర ఒక డిష్, ఒక బాక్సు, అరచేతులు రెండు చేరిస్తే మూసుకుపోయేంత నలుపు తెలుపు టీవీ, ట్రాక్టరు పాత బ్యాటరీ కొనుక్కుని మోపెడ్ మీద మోసుకొచ్చాడు. మస్తాన్ మామ మీటరు కూడా తీసుకుపొమ్మన్నాడట. "అరిచేదానికి నాకాడ రెండు నూర్ల గొర్రెలుండాయి, ఇంగొకటి ఎందుకన్నా?" అని నాయన దాన్ని వదిలేసి వచ్చాడు. మామే జాలిపడి, తాను నమాజుకు దిక్కు చూసుకునే చిన్న దిక్సూచి అరువిచ్చి పంపాడు.

మంద నాలుగు దినాలకొకసారి కదులుతుంది గనక నాయన ఒక గొప్ప ఆలోచన చేశాడు. డిష్ గొట్టాన్ని మోపెడ్ వెనక క్యారియర్‌కే బిగించేశాడు. బండి ఎక్కడ ఉంటే టీవీ అక్కడ. ఆ దినం ఆయన నడకే మారిపోయింది. తరువాత మోపెడ్ మీద కూర్చుని, ఒక చేత్తో దిక్సూచి, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని మస్తాన్ మామతో మాట్లాడితే, ఇద్దరి మాటలూ మాకందరికీ వినపడ్డాయి.

"ఏమప్పా, ఉత్తరాన్నుంచి కుడిచేతికి నూట ముప్పై తిప్పు. పళ్ళెం మొగం నలభై ఎత్తు."

"నూట ముప్పై ఏందన్నా? మూర్లా, జానలా?"

"డిగ్రీలప్పా!"

"సరేలే, సుమారుగా తిప్పుతా."

టీవీ చూసి కేక పెట్టే పని అవ్వది. చూపు ఆనని మనిషిని ఆ పనికి పెట్టడం మా ఇంటి పద్ధతి, చూపున్నవాళ్ళకు వేరే పనులుంటాయి కదా. నాయన డిష్‌ను ఇటు తిప్పినా, అటు తిప్పినా అవ్వ, "వచ్చె! రేయ్, వచ్చెరా! తెల్లగా అచ్చరాలొచ్చినాయి!" అని అరిచేది. నాయన పరుగున వచ్చి చూసి, "ఇది సీరియల్ పేరేమో, ఇంగ బొమ్మ వస్తాది ఉండు" అని గొంతుక్కూర్చునేవాడు. రెండు దినాలు అలాగే పేరు దగ్గరే కూర్చున్నాం. మూడోనాడు గొర్రెపిల్లల దొడ్డి నుంచి వచ్చి నేను చూసేసరికి అది ఇంగ్లీషు. సిగ్నల్ లేదని రాసి ఉంది. మా నలుగురిలో దాన్ని చదవగలిగింది నేనొక్కదాన్నే.

శనివారం అమ్మ పొయ్యి ముందు నుంచే తేల్చి చెప్పేసింది. "సోమారం బడి తెరుస్తారు. రేపు పొద్దు గుంకే లోపల బొమ్మ వస్తే ఉంటాం. రాకపోతే నేనూ పాపా తెల్లారి బస్సెక్కుతాం. అంతే."

"అంతే" అన్నాడు నాయన కూడా, ఒప్పుకున్నట్టు.

నాకు ఉండాలని ఉంది. నా చేతుల్లో పుట్టిన పిల్లలు తొమ్మిది ఉన్నాయి, అందులో ఒకటి నా వేలు చీకకపోతే నిద్రపోదు. పైగా అక్కడ ఎక్కాలడిగి మెటికల మీద కొట్టే అయ్యవారు లేడు. ఆదివారం పొద్దున అమ్మ నా బడి లంగా, నీలంది, ఉతికి కంప మీద ఆరేస్తుంటే చూసి, ఇక నేను చేయకపోతే ఎవరూ చేయరని లేచాను.

మోపెడ్ దగ్గర దిక్సూచి పట్టుకుంటే ముల్లు ఇంజను వైపు చూసింది. బండిని తిప్పితే ముల్లూ బండి వెంబడే తిరిగింది. ఉత్తరమనేది మా నాయన మోపెడ్‌లోనే కాపురం పెట్టినట్టుంది. అయస్కాంతం ఇనుముకు లొంగుతుందని బడిలో అయ్యవారు గుండుసూదులతో చూపించాడు. మా ఇంటి ఇనుమంతా అక్కడే పోగై ఉంది. దిక్సూచి తీసుకుని దూరంగా, ఉత్త కంపతో కట్టిన పిల్లల దొడ్డి దగ్గరికి నడిచాను. అక్కడ ముల్లు వణికి, తిరిగి, బుద్ధిగా నిలబడింది. నా జామెట్రీ పెట్టెలోంచి కోణమాని తీసి దాని పక్కన నేల మీద పెట్టి, నూట ముప్పై దగ్గర అవ్వ చేతికర్రతో గీత గీశాను. గీత వెంబడి కన్ను పోనిస్తే, అది పోయి పోయి సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టానికి తగిలింది. ఇంక దిక్సూచితో పని లేదు. వచ్చి డిష్‌ను పొగగొట్టానికి ఎదురుగా తిప్పాను.

నలభై ఎత్తడానికి కోణమాని మధ్యలో ఉండే సన్న బొక్కకు అవ్వ కంబళి లోంచి పీకిన దారం కట్టి, కొసకు చిన్న రాయి వేలాడదీశాను. అవ్వ కర్రను డిష్ మీద పైనుంచి కిందికి ఆనించి, దానికి కోణమాని చేర్చి పట్టుకుని, నాయనను నట్టు సడలించమన్నాను. ఆయన పళ్ళేన్ని ఆకాశం వైపు మెల్లగా వాల్చుతుంటే దారం సున్నా నుంచి పది, ఇరవై, ముప్పై దాటుకుంటూ పోయింది. నలభై దగ్గర "ఆపు నాయనా!" అన్నాను.

అవ్వ నుంచి కేక లేదు. ఎప్పుడూ అరిచే మనిషి అరవకపోయేసరికి భయపడి పోయి చూశాం. అవ్వ టీవీ ముందు రెండు చేతులూ జోడించి కూర్చుని ఉంది. తెర మీద ఎవరో ఆడమనిషి, ఒళ్ళంతా నగలు, ఎవరినో తిడుతూ ఉంది.

నాయన నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. "చూడే! పాప పెట్టింది! బళ్ళో చెప్పినారంట!"

అమ్మ సంగటి తెడ్డు చేత్తో పట్టుకునే వచ్చి టీవీని ఒకసారి చూసింది, ఆ తరువాత నన్ను చూసింది.

"బళ్ళో చెప్పినారా?" అంది. అంతే. వెనక్కి పోయింది. ఆ పొద్దు సంగటిలో గడ్డలు కట్టాయి. అమ్మ చేతి సంగటిలో గడ్డలు నేను అంతకు ముందు ఎరగను. కంప మీది లంగాను ఆమె ఎప్పుడు తీసి మడిచిపెట్టిందో కూడా చూడలేదు. నేను గెలిచిన సంబరంలో ఉన్నాను.

ఆ ఏడు మేము ఊరు చేరేసరికి దీపావళి దాటింది. "పై ఏడు పోతువులే" అన్నాడు నాయన. పై ఏడు కూడా వాన రాలేదు.

మొన్న ఆ బెంగుళూరు ఆయన ఫోనుతో బండికి దూరంగా పోయి దిక్కు పట్టి, మీటరు నోరు మూయించి, కోణమానికి ఉన్న అదే పాత దారంతో పదినిముషాల్లో బొమ్మ తెప్పించాను. ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

"మీరేం చదివారండీ?" అని అడిగిందామె.

"నలభై డిగ్రీల దాకా చదివినానమ్మా. మిగతావి గొర్రెలు మేసినాయి" అన్నాను. వాళ్ళు పగలబడి నవ్వారు. అమ్మ నవ్వలేదు. వాళ్ళు దోసెలు తీసుకుని బండిలోకి పోయాక, నేను పెట్టె మూసి అమ్మకిస్తూ అడిగాను.

"ఇన్నేండ్లు దీన్ని ఎందుకు దాచినావే? నీ సీరియల్ తెప్పించిందనా?"

"నాకు సీరియలూ వద్దు, ఏమీ వద్దు" అంది అమ్మ, కత్తిపీట ముందు కూర్చుంటూ. "నిన్ను బడికి తోలాల అంటే మీ నాయన ఇనడు. ఆ పళ్ళెం ఆయప్ప చేతికి రాదని తెలిసే, బొమ్మ వస్తే ఉంటామంటి. బస్సుకు దుడ్లు కూడా కొంగున ముడేసుకోనుంటి. నువ్వు పోయి తెప్పిస్తివి."

వెనక నా పెనం మీద దోసె మాడింది.

నాయన లేడు, అవ్వ లేదు. మంద అమ్మేసి చాలా ఏళ్ళయింది. మేం గొర్రెలు తోలుకుపోయిన దారుల్లో ఎన్నో బీడులకు ఇప్పుడు కంచెలు పడ్డాయి, లోపల సోలారు పలకలు వరసలు వరసలుగా ఒకే పక్కకు వాలి నిలబడి ఉంటాయి. ఎవరు కొలిచి నిలబెట్టారో గాని ఒక్కటీ తప్పు లేదు. గొర్రె పాల టీ తాగుతామని అడిగేవాళ్ళు లేరు, గంపకింద పిల్లల గోల ఎలా ఉంటుందో చెప్పినా అర్థమయ్యేవాళ్ళు లేరు.

అమ్మ పెట్టెను మళ్ళీ ఆ నీలం గుడ్డలో చుడుతుంటే అప్పుడు చూశాను. అది నా బడి లంగా. ఆ ముదురు పట్టీ దాని అంచు. ఎనిమిదో తరగతికి పొడుగు చాలదని, ఆ శనివారమే అమ్మ లోపలి మడత విప్పి కిందికి దించి కుట్టిందట. మిగతా గుడ్డంతా నేను తొడిగి ఎండలో తిరిగితే వెలిసిపోయింది. ఆ బెత్తెడు మాత్రం ఒక్కనాడూ బడికి పోలేదు, ఇంకా కొత్తగానే ఉంది.