నాయనమ్మ మేపిన పావురం

మా నాయనమ్మ కాళ్ళకి చక్రాలున్నాయని బందరులో మా పేటంతా అనేవాళ్ళు. మిషను తరపున ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఉద్యోగం ఆవిడది. దివిసీమలో ఆవిడ నడవని గట్టు లేదు. పడవ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలి లోతు బురదలో ఒక్కతే పోయేది. పెళ్ళాం పండగపూటయినా ఇంటిపట్టున ఉండదని తాతయ్య పోయేదాకా సణుగుతూనే ఉండేవాడట. అలాంటి మనిషి ఒకనాడు పెరట్లో నీళ్ళు తోడుతూ తోడుతూ కూలబడింది. ఎడమ పక్క పడిపోయింది. మాట తొందరగానే వచ్చింది. చెయ్యి కాస్త వచ్చింది. కాలు మాత్రం రాలేదు. కాలు పక్కకి వాలిపోకుండా అటూ ఇటూ ఇసుక మూటలు పెట్టించి, రోజూ మడిచి చాపించమనీ, ఓపిక పట్టమనీ చెప్పింది మిషను ఆసుపత్రి డాక్టరు దొరసాని. మా ఇంట్లో ఓపిక ఎవరికీ లేదు. అందరికంటే తక్కువ మా అత్తయ్యకి.

అత్తయ్యంటే నాన్న చెల్లెలు. గుడివాడలో కాపురం. ప్రతి శనివారం రైలెక్కి వచ్చేది. వచ్చీరాగానే కాళ్ళు కడుక్కుని, తల్లి కాలు ఒళ్ళో పెట్టుకుని నూనె రాసేది. రాస్తున్నంతసేపూ "చురుక్కుమందా అమ్మా? ఇక్కడ? పోనీ ఇక్కడ?" అని అడుగుతూనే ఉండేది. నాయనమ్మ "లేదే" అనేది. ఊరికే కూతురి తృప్తి కోసమైనా ఔననొచ్చు కదా అని నాకు ఒళ్ళు మండేది. అబద్ధమాడడం ఆవిడకి చేతకాదు. మా చేత పది ఆజ్ఞలూ అప్పజెప్పించింది ఆవిడే మరి.

కొన్నాళ్ళు చూసి, అత్తయ్య కృత్తివెన్ను వైపు నుంచి నాటువైద్యం చేసే ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చింది. పక్షవాతానికి పావురం మందన్న మాట మా వైపు కొత్తదేం కాదు. కోసిన పావురం రక్తం వేడి వేడిగా కాలికి పట్టించి, మాంసం మిరియాలతో వండి పెట్టాలన్నాడాయన. రెండు షరతులు పెట్టాడు. ఆ పక్షిని పిల్లప్పటి నుంచీ రోగి తన చేత్తో మేపాలి. కోసే రోజుకి అది తన కాళ్ళ మీద చక్కగా నడుస్తూ ఉండాలి. అవిటి పక్షి రక్తం అవిటితనాన్నే పట్టిస్తుందట. హైస్కూల్లో సైన్సు చెప్పే మా నాన్న నవ్వబోయి, చెల్లెలి మొహం చూసి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

నాయనమ్మ ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళూ ఊళ్ళమ్మట తిరిగి తాయెత్తులూ మంత్రాలూ వద్దని చెప్పిన మొహంతో ఇప్పుడు ఇదేమిటంది. అత్తయ్య ఒకటంటే రెండనే రకం. బైబిల్లో పూర్వం దేవాలయంలో పావురపు పిల్లల్ని బలిచ్చేవాళ్ళు కారా అని ఎదురు ప్రశ్న వేసింది. అవి పాపానికి ఇచ్చారు గాని కాలికి కాదంది నాయనమ్మ. దాంతో అత్తయ్య వాదన మానేసి ఏడవడం మొదలుపెట్టింది. కన్నకూతురి ఏడుపు ముందు ఏ తల్లి వాదన నిలుస్తుంది? సరే కానీయమంది.

మా వీధి చివర కలంకారీ అద్దకం వేసే సాయిబుగారు డాబా మీద పావురాలు పెంచేవారు. ఇంకా ఈకలు సరిగా రాని పిల్లనొకదాన్ని ఇచ్చారు. నాయనమ్మ చెయ్యి అందేలా మంచం పక్కనే నేల మీద ఉంచాం. అక్కడే వచ్చింది తంటా. మా ఇంటి గచ్చు అమ్మ తుడిచి తుడిచి అద్దం చేసిపెట్టింది. లేవబోయినప్పుడల్లా పిల్ల కాళ్ళు చెరోపక్కకీ జారిపోయేవి. కొద్దిరోజులకి అవి అలాగే ఉండిపోయాయి. పొట్ట నేలకానించి, కాళ్ళు రెండు పక్కలా చాపుకుని, రెక్కలతో దేకుతూ కీచుమనేది. శనివారం వచ్చిన అత్తయ్య దాన్ని చూసి నెత్తి కొట్టుకుంది. వేరే పిల్లని తెద్దామంటే, చేతి మేత అలవాటైన పక్షిని మార్చకూడదని పెద్దాయన ముందే చెప్పి ఉన్నాడు. ఇక దీనికే కాళ్ళు తెప్పించాలి. బడి నుంచి రాగానే అది నా పనయింది.

"నాకు చేసినట్టే దానికీ చెయ్యి" అంది నాయనమ్మ. అలాగే చేశాను. పాత చీర చింపి చిన్న చిన్న ఇసుక మూటలు కుట్టాను. మూకుట్లో ఎండుగడ్డి పరిచి, పిల్లని కూచోబెట్టి, కాళ్ళు పక్కకి పోకుండా అటొక మూట ఇటొక మూట పెట్టాను. వేలెడు ఎడం ఉంచి రెండు కాళ్ళనీ మెత్తటి గుడ్డపీలికతో కలిపి కట్టాను. పొద్దుటెండలో మూకుడుతో సహా అరుగు మీద పెట్టేదాన్ని. నానిన పెసలకి కోడిగుడ్డు పెంకు పొడి అద్ది ఇస్తే, నాయనమ్మ ముక్కు తెరిచి ఒక్కొక్కటే పెట్టేది. ఆ తర్వాత పిల్ల కాలు వేళ్ళతో పట్టుకుని, దొరసాని తనకి చెప్పినట్టే "మడువమ్మా, చాపమ్మా" అంటూ దానిచేత కసరత్తు చేయించేది. దొరసాని చెబితే తను చెయ్యడానికి మాత్రం విసుక్కునేది.

నాకు నాయనమ్మ నడవాలి. పావురం బతకాలి. రెండూ కుదరవని తెలియనంత చిన్నదాన్నేం కాదు. గుడ్డపీలిక విప్పి కట్టే ప్రతిసారీ, జాతరకి మేకపోతుని మేపుతున్నట్టే ఉండేది. దీనికి కాళ్ళు రాకపోతేనే మంచిదేమో అని ఒకరోజు ఉండబట్టలేక అనేశాను. నాయనమ్మ నన్ను కసిరింది.

"ముందు నిలబడనీ. నిలబడలేకపోతే ఎలా ఉంటుందో నీకేం తెలుసే?"

నిజమే, నాకు తెలియదు. మళ్ళీ ఇసుక మూటలు సర్దాను.

ఆ శనివారం అత్తయ్య వచ్చేసరికి పిల్ల మూకుడు అంచుకి ఆనుకుని, వణుకుతూనే అయినా లేస్తోంది. వచ్చేవారానికి నడుస్తుంది, పెద్దాయన్ని తీసుకొచ్చేస్తానని అత్తయ్య సంబరపడింది. నాలుగు రోజులు తిరక్కుండానే అది మూకుట్లోంచి దిగింది. గచ్చు మీద పరిచిన గోనెపట్టా ఈ కొస నుంచి ఆ కొసకి తలాడిస్తూ నడిచింది. నాయనమ్మ దివిసీమ గట్టు మీద నడిచేటప్పుడు ఎలా ఉండేదో నేను చూడలేదు గాని, అది నడుస్తుంటే ఆవిడ చూసిన చూపు మాత్రం చూశాను. గుడ్డపీలిక విప్పేయమంది. ఎవరికీ చెప్పొద్దంది.

శనివారం పెద్దాయన వచ్చి అరుగు మీద కూచున్నాడు. పక్కన కాగితంలో చుట్టిన కత్తి. అత్తయ్య మిరియాల పొట్లం అమ్మ చేతికిచ్చి లోపలికొచ్చింది. పావురం నాయనమ్మ ఒళ్ళో ఉంది. దాని మీద చీర చెంగు కప్పి ఉంది.

"నడుస్తోందా అమ్మా?"

"లేదే. కాళ్ళు రాలేదు" అంది నాయనమ్మ.

నేను గోడకేసి చూశాను. నాకు తెలిసి ఆవిడ అబద్ధమాడడం అదే మొదలు. అలవాటు లేని పని కదా, చెవులు కూడా ఎర్రబడ్డాయి.

అత్తయ్య వంగి చెంగు కింద చెయ్యి పెట్టింది. పావురం కొత్తగా వచ్చిన బలంతో ఆవిడ వేలు గట్టిగా పట్టుకుని ఉంటుంది. అత్తయ్య చెయ్యి తియ్యకుండానే అడిగింది.

"నీకు నడవాలని లేదా అమ్మా?"

"ఎందుకుండదే? కాని నా చేత్తో మేపాను. నా వల్ల కాదు."

అత్తయ్య చెయ్యి తీసింది. చెంగు జారితే మళ్ళీ సరిగా కప్పింది. అరుగు మీదకి వెళ్ళి, "దానికి కాళ్ళు రాలేదండి బాబాయిగారూ. ఇక రావు. మిమ్మల్ని ఇంతదూరం శ్రమపెట్టాను" అంది. అవిటిదైతే పనికిరాదమ్మా అని ఆయన కత్తి సంచిలో పెట్టుకుని, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. ఆ మిరియాలు ఆ రాత్రి చారులో పడ్డాయి.

అత్తయ్య లోపలికొచ్చి మామూలుగానే కింద కూచుంది. ఎడమ కాలు ఒళ్ళోకి తీసుకుని నూనె రాయడం మొదలుపెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులకి నూనె. పావురం చెంగు కింద నుంచి బయటికొచ్చి, మంచం దిగి, మా అందరి ముందూ గోనెపట్టా మీద నడుచుకుంటూ పోయింది.

"చురుక్కుమందా అమ్మా?" అంది అత్తయ్య తలెత్తకుండా.

నాయనమ్మ తన కాలి వంక కాసేపు చూసింది.

"ఊఁ. కొంచెం అన్నట్టే ఉందే" అంది.

అది ఆ రోజు ఆవిడ ఆడిన రెండో అబద్ధం. అత్తయ్య అరచేతిలోకి ఇంకాస్త నూనె వంపుకుంది.