అద్దం వెనక బాపు చెయ్యి

మా బాపు సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచెలు నడిపాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచె అంటారు. శనివారం భజనలో తత్వాలు పాడేవాడు. ఒళ్లంటే నేను కాదు, నేను తొడుక్కున్న అంగీ అని ఆయన నమ్మకం. జగిత్యాలలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే నేను, ఒళ్లు తప్ప వేరే మనిషి లేడని ఆయనతో పోట్లాడుతూనే పెరిగాను.

పోయినేడు బాపుకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మా ఇంటికి తెచ్చుకున్నాను. తినేటప్పుడు ఆ చెయ్యి కంచంలో పడ్డా చూసేవాడు కాదు.

"గా చెయ్యి నాది గాదు బిడ్డ" అన్నాడు ఒకరోజు నిమ్మళంగా.

నాకు ఒళ్లు మండింది. "ఇగ నీ తత్వాలు బంద్ చెయ్ బాపు" అన్నాను.

అది తత్వం కాదని కోరుట్ల నుంచి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. మెదడు ఆ చేతిని మరిచిపోయిందట, ఆలస్యమైతే ఇక గుర్తు రాకపోవచ్చట. బల్లమీద అద్దం నిలబెట్టి, ఎడమ చేతిని దాని వెనక దాచి, కుడి చేతిని ముందు ఆడించమంది. అద్దంలో కుడి చెయ్యే ఎడమ చెయ్యిలా కనిపిస్తుంది, మెదడు నమ్మేస్తుంది. నా సబ్జెక్టే కదా, ప్రతిబింబాల పాఠం అందుకున్నాను.

"అద్దంల ఉన్నది ఉత్త మాయ. గీ ముచ్చట నేర్వనీకి కాలేజీ సదువు గావాల్నా?" అని నవ్వాడు బాపు.

రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాను. నెల దాటినా అద్దం వెనక చెయ్యి ఉలకలేదు. విసుక్కున్నాను, అరిచాను కూడా. తర్వాత సిగ్గేసింది. బాపు జన్మలో బంతి పట్టినవాడు కాదు. ఆ చేతులకు తెలిసిన పని ఒకటే, తెగిన పోగును చూడకుండా ముడెయ్యడం.

సిరిసిల్ల బస్సెక్కాను. ఆయన పనిచేసిన కార్ఖానాలో సాంచెల చప్పుడు ఫోన్లో రికార్డు చేసి, కాస్త నూలు అడిగి తెచ్చాను. బాపును అద్దం ముందు కూర్చోబెట్టి, కుడి చేతికి పోగు అందించి, చప్పుడు పెట్టాను. వేళ్లు వాటంతటవే పోగును మెలితిప్పసాగాయి. ఉన్నట్టుండి తల ఎత్తాడు.

"ఓ సాంచె ఆగింది. పోగు తెగినట్టుంది."

ఆ రొదలో నాకేమీ తేడా వినిపించలేదు. కానీ అద్దం వెనక ఎడమ బొటనవేలు కదిలింది, చూపుడువేలిని వెతుక్కుంటూ.

చెబితే ఆగిపోతుందేమోనని ఫోన్లో చప్పుడు ఇంకాస్త పెంచాను. ఆయనే అద్దం పక్కకు జరిపి, ఆ వేలిని చాలాసేపు చూశాడు.

"ఒళ్లు నేను గాదంటివి గద బాపు" అన్నాను.

"నేను గాదు" అన్నాడు. "గని గీ చెయ్యి నాదే."