బాపు గీసిన జాజు గీత

మొన్న మా మనవరాలు బడి నుంచి ఒక రంగుల కాగితం తెచ్చింది. ఈ ఏడాది నీ లక్ష్యమేమిటో రాసుకురమ్మన్నారట. క్షణమైనా ఆలోచించకుండా నూటికి నూరు అని రాసి ఆటకు పోయింది. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే అరవై ఏళ్ల కింద సిరిసిల్లలో నేనూ అచ్చం ఆ పొరపాటే చేశాను.

మాది నేత ఇల్లు. మేం బాపు అని పిలిచే మా నాన్న రోజూ పొద్దున మగ్గం మీద కూర్చునే ముందు, సాగదీసి కట్టిన పడుగు దారాల మీద జాజుతో, అదే తడిపిన ఎర్రమట్టితో, అడ్డంగా ఒక గీత పెట్టేవాడు. దీపాలు పెట్టే వేళకు నేత ఆ గీతను అందుకోవాలి. నేసేవాడు కూర్చున్న చోటే ఉంటాడు, బట్ట చుట్టుకుంటున్నకొద్దీ గీతే జరిగి జరిగి అతని దగ్గరికి వస్తుంది, చిన్నప్పుడు అది చూస్తూ కూర్చోవడం నాకెంతో ఇష్టంగా ఉండేది.

ఏడో తరగతి అర్ధసంవత్సరం పరీక్షలో నాకు లెక్కల్లో నూటికి పందొమ్మిది మార్కులొచ్చాయి. పెద్ద పరీక్ష తప్పితే బడి మాన్పించి నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెడతానని అవ్వ, అంటే మా అమ్మ, తేల్చి చెప్పింది. ఆమెనూ తప్పుపట్టలేను, రాట్నం దగ్గర ఇంకో మనిషి లేక ఆమె నడుము విరిగిపోతోంది. నేను రోషంకొద్దీ బాపు జాజు తీసుకుని లెక్కల పుస్తకం ఆఖరి పేజీలో గీత గీసి, మొత్తం చేసేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. నాలుగు రోజులు తిరక్కుండానే ఆ పుస్తకం ముట్టుకోవాలంటే భయం పట్టుకుంది.

బాపుకు చదువు రాదు గాని ఆ గీత మాత్రం ఆయన కంట పడింది. “గంత దూరం పెడితె ఎట్ల బిడ్డా? గీ పొద్దుకు నీ చెయ్యి యాడిదాక పోతదో గాడ పెట్టు,” అన్నాడు.

అప్పటినుంచి రోజుకు నాలుగే లెక్కలు, నాలుగో దాని కింద గీత. ఒకనాడు బద్ధకించి రెండే చేసి, నాలుగో దాని కింది గీత చెరిపి రెండో దాని కింద పెట్టాను. జాజు మరక అంత సులువుగా పోతుందా? బాపు చూశాడు గాని కోప్పడలేదు. “అందకుంటె ఫికర్ లే, రేపు అందుకుంటవ్. గీత మాత్రం జరపకు,” అన్నాడంతే. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తరువాత ఎన్నోసార్లు గీత అందుకోలేకపోయాను, మళ్లీ ఎన్నడూ జరపలేదు. మూడు నెలలు పోయేసరికి సారు నల్లబల్ల దగ్గరికి ఎవరొస్తారని అడిగితే, వెనక బెంచీలో దాక్కునే నేను పిలవకుండానే లేచి నిలబడ్డాను.

ఫలితాలొచ్చిన రోజు బాపు మగ్గం దిగి నాతో బడికొచ్చాడు. గోడకు అంటించిన పాసైనవాళ్ల కాగితంలో నా నంబరు వెతికి చదివి వినిపిస్తే, ఆ అంకె మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఇంటికొచ్చేసరికి పొద్దుగూకింది. పొద్దున పెట్టిన గీత ఇంకా రెండు మూరల దూరంలోనే ఉంది. ఆయన ఎన్నడూ గీత తప్పగా నేను చూడలేదు. ఆ రోజు నా కోసం తప్పాడు.

ఇప్పుడు మా వాడలో మరమగ్గాలే, ఎంత నేసిందీ మిషనే లెక్క చెబుతుంది, జాజును అడిగే దిక్కు లేదు. మనవరాలు ఆటనుంచి వచ్చాక, ఆ నూరు సంగతి తరువాత చూద్దాం, ఇవాళ ఎన్ని లెక్కలు చేయగలవని అడిగాను. కాసేపు ఆలోచించి మూడు అంది. పుస్తకం తెమ్మని, గీత పెట్టడానికి నేను పెన్సిలు తీసుకున్నాను.