ఓదెలు బాపు భుజం మీద చెయ్యి

కరోనాకు ముందు సంవత్సరం, వానాకాలం. కరీంనగర్‌లోని మా వినికిడి క్లినిక్‌కి మందమర్రి నుంచి ఒక ముసలి జంట వచ్చింది. ఆయన పేరు ఓదెలు, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యారు. భార్య కనకవ్వ మోకాళ్ల నొప్పులతో చేతికర్ర పట్టుకుని నడుస్తోంది. నేను ఆడియాలజిస్ట్‌ని. చెవి ఎంత వింటుందో పరీక్షించి, అవసరమైతే మిషన్ అమర్చడం నా పని.

"మీ పేరు?" అని అడిగాను. కనకవ్వ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఓదెలు," అన్నారు, గది అదిరేలా.

"ఏ చెవి ఎక్కువ ఇబ్బంది పెడుతోంది?"

మళ్లీ భుజం మీద చెయ్యి పడింది.

"మందమర్రి."

నేను ఆయన వైపు చూశాను. కనకవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "బస్సుల రిహార్సల్ చేసుకుంట వచ్చినం మేడం. ముందు పేరడుగుతరు, ఎన్క ఊరడుగుతరు అనుకున్నం. మీరు డైలాగ్ మార్చిన్రు."

ఓదెలు గారు నాటకాలు రాస్తారని, రాసిన ప్రతి నాటకంలో తానూ వేషం వేస్తారని అప్పుడే తెలిసింది. షిఫ్టు దిగి వచ్చి రాసేవారట. సారా గురించి, సమ్మె గురించి, బాయిలో పోయినవాళ్ల గురించి రాశారు. తొలిరోజుల్లో ఆడవేషానికి ఎవరూ ముందుకు రాకపోతే కనకవ్వనే స్టేజీ ఎక్కించారు. "నాకు సదువు రాదు. ఈయన సదువుతుంటె విని బట్టీ పట్టిన. ఇప్పటికీ ఈయన డైలాగులు ఈయన కంటె నాకే ఎక్కువ యాదికుంటయి," అందామె.

చెవులు మందగించిన సంగతి మాత్రం ఇద్దరూ దాచిపెట్టారు. తెలిస్తే ట్రూపు వాళ్లు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పుతారని భయం. అందుకని ఆయన తన వేషాలనే మార్చుకుంటూ వచ్చారు. ఒక నాటకంలో గుడ్డి తండ్రి, ఇంకో నాటకంలో తూలే తాగుబోతు, మరో దాంట్లో మంచం పట్టిన దొర. ఎప్పుడూ పక్కన కనకవ్వ ఉండాలి, ఎదుటివాడి మాట అయిపోగానే ఆయన్ని పట్టుకోవాలి. చెయ్యి పడితే తన మాట మొదలుపెట్టాలన్నమాట. జనం దాన్ని ఆయన నటన అనుకున్నారు.

"మరి ఇప్పుడెందుకు వచ్చారు?" ఈసారి కాగితం మీద రాసి చూపించాను.

ఆయన భార్య మోకాళ్ల వైపు చూశారు. "ఇది ఇగ స్టేజి మీద నిలవడలేదు మేడం. ఇది లేని నాటకం నేనెయ్య. గందుకే కొత్తది రాసిన. బండ కూలి బాయిల ఒక్కడే చిక్కుకుంటడు. ఆని పెండ్లాం గొంతు ఆనికి చీకట్ల ఇనవడుతుంటది, ఇద్దరు మాట్లాడుకుంటరు. ఇది తెరెనుక కుర్చీల కూసుంటది. దీని గొంతు నాకు ఇనవడాలె."

ఆడియోగ్రామ్ తీశాను. ఏ శబ్దం ఎంత పెంచితే వినిపిస్తుందో గీతల్లో చూపే పటం అది. డ్రిల్లింగ్ మోతల మధ్య ఏళ్లకేళ్లు పనిచేసినవాళ్ల పటంలో సన్నని శబ్దాల దగ్గర గీత జారిపోతుంది. ఆయనదీ అంతే. చెవి అచ్చు తీసి, రెండు చెవులకూ మిషన్లు తెప్పించాను.

అమర్చిన రోజు పెదాలు కనిపించకుండా నేను నోటికి కాగితం అడ్డం పెట్టుకుని మాటలు చెప్తే, తిరిగి చెప్పడంలో సగం తప్పారు. బయట కూర్చున్న కనకవ్వను పిలిచి తెర వెనుక నుంచి చెప్పించాను. దాదాపు అన్నీ పట్టుకున్నారు.

దేవుడు పేరు పెట్టి పిలిస్తే, గురువు పిలిచాడనుకుని ఆయన దగ్గరికి పరుగెత్తిన బాలుడి కథ మా సండేస్కూల్లో నేనే పిల్లలకు చెప్తాను. స్వరం వినిపించింది గానీ అది ఎవరిదో ఆ పిల్లవాడికి తెలియలేదు. ఇక్కడ అది తారుమారైంది. వినిపించింది సగమే అయినా, గొంతు ఎవరిదో తెలుసు కాబట్టి మిగతా సగం ఆయనే పూరించుకుంటున్నారు. ఆ రోజు మిషన్‌ను ఆమె గొంతుకే సరిచేశాను.

నాటకం రోజు నన్ను రమ్మన్నారు. కాలనీ హాలు నిండిపోయింది. ముందు వరుసలో కూర్చుని, నా మిషన్ పనిచేయాలని ప్రార్థన చేసుకున్నాను. చెక్కల స్టేజీ మీద ఓదెలు గారు ఒక్కరే, తలకు హెల్మెట్, కాళ్లకు చెప్పుల్లేవు. తెర వెనుక నుంచి ఆమె అడుగుతోంది, ఈయన జవాబిస్తున్నారు. నా గుండె కుదుటపడింది.

ఇంతలో, ఇంటికొస్తే ముందు ఏం తింటావని ఆమె అడిగితే, "నువ్వు తిట్టకుంట పెట్టింది ఏదైన తింట," అన్నారాయన. హాలంతా నవ్వు, ఈలలు, చప్పట్లు. మిషన్ గొంతునూ పెంచుతుంది, గోలనూ పెంచుతుంది. ఆయన మొహం చూసి నాకు అర్థమైంది. కనకవ్వ తరువాతి మాట ఆ గోలలో కొట్టుకుపోయింది. చప్పట్లు ఆగిపోయాయి. ఆయన చీకట్లోకి చూస్తూ నిలబడిపోయారు. ఆయన పక్కన ఎవరూ లేరు.

తెర వెనుక నుంచి చెక్క మీద కర్ర దెబ్బ వినిపించింది. టక్.

అరికాలి కింద తెలిసిందేమో, ఆయన తల ఎత్తారు. నెమ్మదిగా వంగి చెక్క మీద అరచెయ్యి పెట్టారు. "ఉన్న," అన్నారు. "ఈడనే ఉన్న, కనకా."

నాటకంలో ఆ పెండ్లాం పేరు కనక కాదు. ఎవరికీ పట్టలేదు. బండ అవతలి నుంచి తవ్వుకుంటూ ఎవరో వచ్చారనుకుని, నా పక్కన కూర్చున్న పెద్దమనిషి తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

తరువాత తెర వెనక్కి వెళ్లాను. మిషన్ సంగతి ఎలా ఎత్తాలో తెలియక నిలబడితే, ఆయనే అందుకున్నారు. "ఫికర్ చెయ్యకున్రి మేడం. మీ మిషన్ మంచిదే. నాకెన్నడు ఇనవడనంత గట్టిగ చప్పట్లు ఇనవడ్డయి."

"గా చప్పట్లకు మురిసి నా మాట ఇనలే," అంది కనకవ్వ.

నేను మిషన్ పనిచేయాలని అడిగాను. దేవుడు ఆ మనిషి వినేలా చూశాడు. ఆ తరువాత నా దగ్గరికి ఒంటరిగా వచ్చేవాళ్లను, మిషన్ అమర్చే రోజున ఎవరి గొంతు వినాలని వచ్చారో వాళ్లను వెంట తెచ్చుకోమంటున్నాను. పరీక్షగదిలో ఇంకో కుర్చీ వేశాను.

సర్వీసింగ్‌కి మళ్లీ వచ్చినప్పుడు, ఆ నాటకం ఇంకా ఆడుతున్నారా అని అడిగాను. ఓదెలు గారు విన్నారు. అయినా కనకవ్వ వైపు జరిగి కూర్చున్నారు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఏస్తున్నం మేడం. గా కర్ర దెబ్బను గూడ నాటకంల రాసుకున్న," అన్నారు.