రెండు సీట్ల కారుకు డ్రైవరు

పుంగనూరులో మునిచంద్రను అందరూ ఇటలీ కారు డ్రైవరనేవాళ్లు. కుప్పంలో గ్రానైట్ క్వారీలున్న జయచంద్ర తొంభై ఆరులో ఆ ఎర్ర కారు తెప్పించి, దానికోసమే అతన్ని జీతానికి పెట్టుకున్నాడు. తీరా చూస్తే అందులో ఉన్నవి రెండే సీట్లు. అట్లాంటి కారుకు డ్రైవరెందుకని అడిగినవాడు లేడు. జయచంద్ర తనే నడుపుతూ, భార్య సుభద్రమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మదనపల్లె దాకా పోయొచ్చేవాడు. మునిచంద్ర కారు కడిగేవాడు, శుక్రవారం బొట్టు పెట్టేవాడు, బయలుదేరేముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి గేటు తీసేవాడు.

జయచంద్ర పోయాక, రెండువేల ఏడులో సుభద్రమ్మ కారును అమ్మకానికి పెట్టింది. ఇట్లాంటిది మళ్లీ దొరకదంటూ బెంగళూరు నుంచి ఒకాయన లారీతో సహా వచ్చి కొన్నాడు. కారును లారీ ఎక్కించమని తాళం మునిచంద్ర చేతికిచ్చారు.

అతను ఎప్పటిలాగే నిమ్మకాయలు పెట్టి, మొదటిసారి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. షెడ్డు నుంచి గేటు దాటించి, పలకల మీదుగా లారీలోకి ఎక్కించాడు. దిగి తాళం ఇచ్చేశాడు.

లారీ కదిలాక సుభద్రమ్మ అడిగింది. "ఎట్లుండాదప్పా, నడిపేదానికి?"

"యాడ తెలుస్తాదమ్మా, ఫస్టు గేరులోనే పాయె గదా," అని మునిచంద్ర గేటు వేయడానికి పోయాడు.