శుక్రవారం కడిగే నేల

1978 జూన్‌లో చిత్తూరు నుంచి తిరుపతి సబ్‌డివిజనుకు బదిలీ మీద వచ్చాను. ప్రభుత్వ భవనాలు చూసే శాఖలో నేను జూనియర్ ఇంజనీరుని. పని ఎలా జరగాలో మేస్త్రీకి చెప్పేదీ, జరిగిందని పై అధికారికి చెప్పేదీ ఆ హోదావాడే. ఏదైనా చెడితే ఇద్దరూ వేలెత్తి చూపేదీ అతన్నే. అప్పటికి ఆ వేళ్లకు బాగానే అలవాటుపడ్డాను. చేరిన కొద్దిరోజులకే మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు పిలిచి, ఊళ్లోని ఒక ఆస్పత్రిలో నేలమాళిగ గది ఉందనీ, చెమ్మను తట్టుకుని తక్కువ ఖర్చులో అయ్యే నేల ఏదో తేల్చి అంచనా పంపమనీ చెప్పారు.

ఆ ఆస్పత్రి వాలు స్థలంలో ఉంది. కింది గది పడమటి గోడ పూర్తిగా మట్టిలో ఉంటుంది. తూర్పు తలుపు మాత్రం వీధి మట్టానికే తెరుచుకుంటుంది. నేల ఉత్త కాంక్రీటు, అదీ ఎప్పుడూ నల్లగా చెమర్చి ఉండేది. గోడల అడుగున తెల్లటి ఉప్పు పొంగింది. విరిగిన మంచాలు పడేసే ఆ గదిని అంతకు ముందు ఏడాది సుగుణ గారనే ఫిజియోథెరపిస్టు అడిగి తీసుకుని, పోలియో వచ్చిన పిల్లలకు అందులో వ్యాయామం చేయిస్తున్నారు. పిల్లలు పట్టుకుని నడవడానికి రెండు పక్కలా వెదురు కట్టెల కమ్మీలు కట్టించారు. గోడకు వెంకటేశ్వరస్వామి పటం పెట్టారు. ఆమెది గట్టి గొంతు, చిన్న ఆకారం. పిల్లలు ఏడిస్తే ఆమె ఓదార్చరు, లేచేదాకా ఎదురుగా కూర్చుంటారు.

పిల్లలు ఆ గదిలో ఎక్కువసేపు నేలమీదే ఉంటారు. పాకాలి, దొర్లాలి, కూర్చోవాలి. చెమ్మ నేలమీద పాకించి జలుబులు తెప్పిస్తున్నారని కొందరు తల్లులు రావడం మానేశారు. వానాకాలం ముదిరేలోగా నేల బాగుపడకపోతే గదిని మళ్లీ సామాను కొట్టుగా మారుస్తామని ఆస్పత్రి పెద్ద డాక్టరు చెప్పేశారు. మా వైపు పెద్ద వానలు కార్తీకంలో పడతాయి. అంటే గడువు అంతవరకే.

నేను వెళ్లిన మొదటిరోజు చంద్రగిరి దగ్గరి పల్లె నుంచి రేణుక అనే పిల్ల వచ్చి ఉంది. ఏడెనిమిదేళ్లుంటాయి. వాళ్లమ్మ చంకనెత్తుకుని బస్సులో తీసుకొచ్చేది. రెండు కాళ్లకూ ఇనుప పట్టీలు, అంటే క్యాలిపర్లు, కొత్తగా బిగించారు. కమ్మీలు పట్టుకుని నిలబడడం వచ్చింది, నడక ఇంకా రాలేదు. ఈ గది పోతే తమిళనాడులోని రాయవేలూరు ఆస్పత్రి దాకా తిప్పాలనీ, ఆ తల్లికి అది అయ్యే పని కాదనీ సుగుణ గారు చెప్పారు. ఆ మాట నన్ను అంచనా కాగితాలకన్నా ఎక్కువగా పట్టుకుంది.

చెమ్మ నేలకు ఏం పరచాలన్న ప్రశ్నకు ముందు, ఆ చెమ్మ ఎక్కడిదన్న ప్రశ్న ఉంటుంది. అది తేల్చే పద్ధతి సులువే. ప్లాస్టిక్ కాగితాన్ని నేలమీద పరిచి అంచులు తారుతో అతికించి కొన్నాళ్లు వదిలేస్తాం. నీటిబొట్లు కాగితం పైన పడితే చెమ్మ గాలిలోది. అడుగున పడితే భూమిలోంచి పైకి వస్తున్నది. రెంటికీ మందు వేరు. నేను మూడు చోట్ల పరిపించాను. ఒకటి స్వామి పటం ముందు, ఒకటి పడమటి గోడ దగ్గర, మూడోది ఒక మూల చెక్క తడిక కట్టి సుగుణ గారు తాళం వేసుకునే సామాన్ల అరలో.

మరుసటి వారం వెళ్లి చూస్తే పడమటి గోడ దగ్గర కాగితం అడుగున బొట్లున్నాయి, పటం ముందున్న కాగితం అడుగునైతే నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. అంత నీరు భూమిలోంచి వస్తుంటే ఏ నేలా నిలవదు. అడుగునంతా తవ్వి మళ్లీ పోయాలి. దానికి శాఖ ఒప్పుకోదు. ఆ మాటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారితో అన్నాను. ఆయన మంచివారే, కానీ తొందర మనిషి. గది పనికిరాదని రెండు ముక్కలు రాసి పంపితే ఫైలు మూసేద్దామన్నారు.

రాయడానికి కూర్చుంటే చెయ్యి సాగలేదు. తాళం వేసిన అరలోని కాగితం అడుగున ఒక్క బొట్టు లేదు, కాంక్రీటు కాస్త రంగు మారిందంతే. ఒకే నేల, ఒకే గది, మధ్యలో పలుచటి చెక్క తడిక. భూమిలోని నీరు చెక్క తడికను చూసి ఆగదు కదా! మళ్లీ వెళ్లాను. పటం ముందున్న కాగితం అంచులు పట్టి చూస్తే తారు ఊడి, మళ్లీ నొక్కినట్టు ఉంది. సుగుణ గారు ఆయా మునెమ్మను పిలిచారు. మునెమ్మ ఆ గదిని ఊడ్చి, కడిగి, పటానికి దీపం పెట్టే మనిషి. కాగితం కదిపావా అని అడిగితే దాచకుండా చెప్పింది.

“శుక్రవారం కడగకుండా సామికి దీపం ఎట్ల పెట్టేది సార్? కాగితం ఎత్తి పక్కన పెట్టి, నాలుగు బిందెల నీళ్లు పోసి కడిగినా. మళ్లా యాడుండేదాన్ని ఆడ్నే పరిసి, మీ తారు ఊడిపోకుండా కాలితో తొక్కి పెట్టినా.”

సుగుణ గారు నవ్వు ఆపుకోలేకపోయారు. నాకూ నవ్వొచ్చింది, దానికంటే ఎక్కువగా ప్రాణం లేచొచ్చింది. భూమి నీళ్లనుకుని నేను బెంగపడ్డవి మునెమ్మ బిందె నీళ్లు. పైగా ఆ కాంక్రీటుకు వాలు లేదు. వారం వారం పోసిన నీరు బయటికి పోయే దారిలేక అక్కడే ఇంకి, మళ్లీ శుక్రవారం దాకా చెమరుస్తూనే ఉండేది.

కాగితాలు మళ్లీ పరిపించి, అవి ఎందుకో మునెమ్మకు విడమరిచి చెప్పాను. పరీక్ష ముగిసేదాకా నీళ్లు పోయవద్దని అడిగాను. తడిగుడ్డతో తుడిచి దీపం పెట్టుకుంటానంది, అయితే ఒక్క మాట అడిగింది. “కొత్త నేల ఏసినాక కడగొచ్చా సార్? కడగొద్దంటే నా చేత కాదు. నేను లేకపోయినా ఇంగొకామె వచ్చి కడగతాది.”

ఈసారి పటం ముందు కాగితం పొడిగా ఉంది. పడమటి గోడ దగ్గర మాత్రం అడుగున బొట్లు కనిపించాయి. బయటికి వెళ్లి చూస్తే డాబా మీది వాననీటి గొట్టం సరిగ్గా ఆ గోడను ఆనుకున్న మట్టిలోకే నీళ్లు వదులుతోంది. గొట్టాన్ని పొడిగించి కాలువలో కలిపి, గోడ వెంట బయట సిమెంటు పట్టీ పోస్తే ఆ రోగం సగం పైగా కుదురుతుంది. మిగిలింది నేల ఎంపిక.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి మనసు లినోలియం మీద ఉంది. మద్రాసు వ్యాపారి ఒకాయన ఆయన బల్లమీద నమూనాలు పరిచి వెళ్లాడు. గోనెగుడ్డ మీద నూనె, బెరడు పొడి పట్టించి చుట్టలుగా అమ్మే సరుకది. చూడముచ్చటగా, కాలికి మెత్తగా ఉంటుంది. కానీ నాలుగు శుక్రవారాలు కడిగితే అంచులనుంచి నీరు దిగి, జిగురు వదిలి, అడుగున కుళ్లుతుంది. మొజాయిక్ మన్నుతుంది కానీ ఖరీదు, పైగా నునుపు. ఎర్ర రంగు సిమెంటు చవకే, కానీ గోడ పక్క మిగిలిన చెమ్మకే ఉప్పు పొంగి పెళ్లలుగా లేస్తుంది. కడప బండలు మిగిలాయి. వాటికి లీడ్, అంటే సరుకు తెచ్చే దూరానికి ఇచ్చే కిరాయి, కలిపినా మా రేట్ల పట్టికలో మొజాయిక్ కంటే బాగా తక్కువ.

బండల్లోనూ సాన పట్టినవి, పట్టనివి ఉంటాయి. ఏది కావాలో నేను చెప్పగలను గాని, ఆ నేలమీద నడవాల్సింది నేను కాదు. రెండు రకాలూ తెప్పించి కమ్మీల మధ్య పరిపించి, నీళ్లు చల్లించాను. సుగుణ గారు రేణుకను నిలబెట్టారు. సాన పట్టిన బండ మీద ఇనుప పట్టీల బూటు జర్రున జారింది, ఆమె పట్టుకోకపోతే పడేది. పట్టనిదాని మీద నిలబడి పిల్ల కాసేపు కాళ్లవంక చూసుకుంది.

“ఇది పట్టుకుంటా ఉండాది,” అంది.

సాంకేతిక మంజూరుకు రాసిన నోట్‌లో ఆ మాట పెట్టలేను కాబట్టి “జారుడు తక్కువ” అని రాశాను. కాంక్రీటు మీద రెండు పూతలు వేడి తారు, దానిమీద ఇసుక చల్లి, సిమెంటు గచ్చులో సాన పట్టని బండలు. మొత్తం నేలకు తూర్పు తలుపు వైపు వాలు, గడప పక్కన చిన్న కాలువ. ఆస్పత్రి నేలను కడిగే వాడుక ఉంది కనుక వాలు తప్పనిసరి అని విడిగా ఒక పేరా రాశాను. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు అది చదివి, కడగొద్దని బోర్డు పెడితే పోదా అన్నారు. మీ ఇంట్లో శుక్రవారం గడప కడగొద్దని బోర్డు పెట్టగలరా అని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి నావైపు చూసి, సంతకం పెట్టారు.

దసరా దాటాక పని ముగిసింది. కార్తీకంలో వాన ఎడతెగకుండా పట్టుకుంది. తనిఖీకి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారూ, పెద్ద డాక్టరూ కలిసి వచ్చింది ఒక శుక్రవారం ఉదయం. మేం తలుపు దగ్గరికి చేరేసరికి మునెమ్మ బిందె ఎత్తి నీళ్లు గుమ్మరిస్తోంది. పెద్ద డాక్టరు ముఖం చిట్లించారు. నీళ్లు బండల మీదుగా తూర్పుకు పారి కాలువలో పడ్డాయి. ఆమె చీపురుతో రెండు పట్లు పట్టి పక్కకు తప్పుకుంది. మేం పడమటి గోడ చూసి, వాననీటి గొట్టం చూసి తిరిగొచ్చేసరికి నేల దాదాపు ఆరిపోయింది. పెద్ద డాక్టరు వంగి అరచేత్తో తడిమి చూశారు. ఆ చివర రేణుక కమ్మీలు వదిలేసి నిలబడి ఉంది. ఎదురుగా కూర్చున్న సుగుణ గారు పిలవలేదు, చెయ్యీ చాపలేదు. పిల్ల తనంతట తానే అడుగు తీసి అడుగు వేసుకుంటూ ఆమె దాకా వచ్చింది. వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు చాలా సంతోషం కలిగింది. ఉద్యోగంలో అంత సంతోషం మళ్లీ తక్కువసార్లే కలిగింది.

గది వాళ్లకే ఉండిపోయింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎన్నో భవనాల్లో నేలలు వేయించాను. చెమ్మ ఎక్కడినుంచి వస్తున్నదీ, బండ ఎంత మందం ఉండాలన్నదీ పుస్తకాలు చెబుతాయి. పుస్తకాల్లో లేని ప్రశ్న ఒకటి ఈ పనిలో నేర్చుకున్నాను. ఏ గదికి వెళ్లినా టేపు బయటికి తీయకముందే అడిగేవాణ్ణి: ఈ నేల కడిగేది ఎవరు?